పెనుగొలనును ఎవరు అడిగారు?

యువత మానసిక ఆరోగ్యం మీద ఎక్కడ చర్చ జరిగినా ఒక వాదన మర్యాదగా వినబడుతుంది. ఇది సున్నితమైన వ్యవహారం, శాస్త్రం తెలిసినవాళ్ల పని. విధానాలను సైకియాట్రిస్టులు, సైకాలజిస్టులు, ఐఏఎస్ అధికారులు కూర్చుని రాయాలి. ఊళ్లవాళ్లకు అవగాహన కల్పిస్తే చాలు. ఊరిని అడిగితే ఏం చెబుతుంది? గాలి సోకిందంటుంది, తాయెత్తు కట్టించమంటుంది, పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయంటుంది. పదహారేళ్ల పిల్లవాణ్ని అడిగితే ఏం చెబుతాడు? ఫోన్ ఇమ్మంటాడు, పరీక్షలు తీసేయమంటాడు. కాబట్టి వాళ్ల గురించి మనం ఆలోచిద్దాం, ఆలోచించాక వాళ్లకు చెబుదాం.

ఇలా అనేవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. చాలామంది పిల్లల బాగు కోరేవాళ్లే. అయినా ఈ వాదన తప్పు. ఆ సంగతి తేల్చుకోవడానికి బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ దాకా పోనక్కర్లేదు. ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలోని పెనుగొలను దాకా వస్తే చాలు.

పెనుగొలను తిరువూరు నియోజకవర్గంలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉన్న సేద్యపు ఊరు. మామిడి, మిర్చి, పత్తి నమ్ముకున్న ప్రాంతం. పదో తరగతి దాటాక ఈ చుట్టుపక్కల పిల్లల దారులు చీలిపోతాయి. మార్కులు బాగా వచ్చినవాళ్లకు నూజివీడు ట్రిపుల్ ఐటీ. అప్పు చేసైనా డాక్టర్నో ఇంజనీరునో చేయాలనుకున్న ఇళ్ల పిల్లలకు విజయవాడ చుట్టూ గూడవల్లి, కానూరు, పోరంకి, గొల్లపూడిలలోని రెసిడెన్షియల్ కాలేజీలు. కొందరు ఖమ్మం వైపు వెళ్తారు. కొందరు తిరువూరులోనే ఏదో ఒక గ్రూపులో చేరతారు. మిగిలినవాళ్లు చదువు ఆపి పొలానికో, మెకానిక్ షెడ్డుకో, పెళ్లిపీటల మీదికో పోతారు. ఏప్రిల్ దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు జూన్ వచ్చేసరికి వేర్వేరు లోకాల్లో పడతారు. ఈ లోకాల్లో ఒకదాని దిగులు ఇంకోదానికి లేదు. ర్యాంకు భయం ఒకరిది, బడి మాన్పించారన్న బాధ ఒకరిది, నలుగురిలో ఇంగ్లీషు రాదన్న సిగ్గు ఒకరిది.

ఈ తేడా లెక్కలోకి వచ్చిందా అంటే, అధికారులు చూపే లెక్క కట్టినవాళ్లు అసలు ఇటు రాలేదు. దేశంలో మానసిక ఆరోగ్యం గురించి ఏ అధికారి మాట్లాడినా ఆధారంగా చూపేది 2015-16లో నిమ్‌హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే. 13 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని చెప్పింది అదే. ఆ సర్వే జరిగింది 12 రాష్ట్రాల్లో. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు. తెలుగు పిల్లల మనసు గురించి రాసే ప్రణాళికలు తెలుగు ఇంటి గడప తొక్కని లెక్కల మీద నిలబడి ఉన్నాయి. నిపుణుల జ్ఞానాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. వాళ్ల దగ్గర ఏ సమాచారం లేదో అది ఎవరి దగ్గర ఉందో చెప్పడానికి అంటున్నది.

విజయవాడ పొలిమేరల్లో ఏ హాస్టల్ గేటు దగ్గరైనా ఔటింగ్ ఆదివారం నాడు కాసేపు నిలబడితే ఆ సమాచారం కళ్లముందే కనబడుతుంది. తల్లిదండ్రులు తెల్లవారుజామున మొదటి బస్సెక్కి వస్తారు. క్యారియర్‌లో కోడికూర, పులిహోర, సంచిలో జంతికల డబ్బా. చెట్టు కింద దుప్పటి పరిచి పిల్లవాడికి అన్నం కలిపి పెడతారు. "తింటున్నావా నాన్నా, నిద్ర పడుతోందా?" అని తల్లి అడుగుతుంది. "వీకెండ్ టెస్టులో ఎంతొచ్చింది?" అని తండ్రి అడుగుతాడు. పిల్లవాడు తలొంచుకుని తింటాడు. కింది సెక్షన్‌కు మార్చేశారని చెప్పడు. గంట కొట్టగానే లోపలికి పోతాడు. తిరుగు బస్సులో తల్లి అంటుంది: "ఏమయ్యా, వీడు మునుపట్లా లేడు. అన్నం సగం వదిలేశాడు. వాళ్ల చెల్లి సంగతి కూడా అడగలేదు. ఏదో మనాది పెట్టుకున్నాడు." "కొత్త కదా, సర్దుకుంటాడులే. ఫీజు కూడా కట్టేశాం" అంటాడు తండ్రి.

తిండి, నిద్ర, మాట, ఇష్టమైనవాటి మీద ఆసక్తి. డాక్టరు తన ఫారంలో అడిగేవి కూడా దాదాపుగా ఇవే. ఆ తల్లి ఏ ఫారమూ చూడకుండానే మార్పు పసిగట్టింది. ఆమెకు కొరవడింది తెలివిడి కాదు, ఆ మాట చెప్పుకునే చోటు. కాలేజీలో చెబితే "మీరు గారాబం చేయకండి" అంటారు. ఊళ్లో చెబితే పిల్లవాడికి పేరు పడుతుందని భయం. తిరువూరులో డాక్టరుకు చెబితే బలానికి మందు రాస్తాడు. ఆమె ఇచ్చిన కబురు ఎక్కడా నమోదు కాదు. అలాంటి కబుర్లు వెయ్యి నమోదైతే, ఏ సెక్షన్ మార్పిడి తరవాత, ఏ నెలలో, ఏ పరీక్ష ముందు పిల్లలు కుంగిపోతున్నారో జిల్లా అధికారుల చేతిలో ఒక చిత్రం ఉండేది.

అడగకుండా తయారుచేసిన ఏర్పాట్లు ఎలా ఉంటాయో చూద్దాం. 2022 అక్టోబర్ 10న కేంద్రం టెలి మానస్ ప్రారంభించింది. 14416కు ఫోన్ చేస్తే ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు. మంచి సేవ, ప్రతి ఇంట్లో గుర్తుంచుకోవాల్సిన నంబరు. కానీ రెసిడెన్షియల్ కాలేజీలో పిల్లల దగ్గర ఫోన్ ఉండదు. ఉంటే లాక్కుంటారు. ఇంటికి మాట్లాడాలన్నా వార్డెన్ ఫోన్ నుంచే, వార్డెన్ పక్కన నిలబడి ఉండగా, రెండు మూడు నిమిషాలు. వార్డెన్ మీదే ఫిర్యాదున్న పిల్ల ఆ ఫోన్‌లో 14416కు ఏం చెప్పుకుంటుంది? హాస్టల్లో ఉండే ఒక్క విద్యార్థిని పిలిచి అడిగి ఉంటే ఈ చిక్కు మొదటి రోజే బయటపడేది, ప్రతి హాస్టల్‌లో తలుపు వేసుకుని మాట్లాడే ఫోన్ ఒకటి పెట్టాలన్న నిబంధన ఆ రోజే వచ్చేది.

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇంతకన్నా పెద్దది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు వచ్చిన పదిహేడేళ్ల అమ్మాయి 2023 జూలైలో చనిపోయిన కేసు అది. దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూ, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా 15 మార్గదర్శకాలు ఇచ్చారు. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సిలర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచులుగా విడదీయకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. చట్టం వచ్చేదాకా ఇవే చట్టం. నిపుణులు చాలనేవాళ్లు ఈ తీర్పు గురించి తప్పక ఆలోచించాలి. ఇది ఏ నిపుణుల సంఘం చొరవతోనూ రాలేదు. పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చి, ఆంధ్ర హైకోర్టులో ఓడి, ఢిల్లీ దాకా వదలకుండా పోరాడిన ఒక తండ్రి వల్ల వచ్చింది. కార్పొరేట్ జూనియర్ కాలేజీల మీద 2001లో నీరదా రెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ నివేదికలు ఇచ్చాయి. ఆ రెండు నివేదికలు కదిలించలేకపోయిన వ్యవస్థను కదిలించింది బిడ్డను పోగొట్టుకున్న సామాన్యుడు.

ఆ తీర్పులోనూ పల్లె కనబడని చోటు ఒకటుంది. హాస్టల్ గదుల్లో ఫ్యాన్లు ఎలా ఉండాలో కోర్టు చెప్పింది. హాస్టల్‌కు అది అవసరమే. పెనుగొలను లాంటి ఊరికి వస్తే ప్రమాదం ఉండే చోటు వేరు. మిర్చి, పత్తి వేసిన ఇంట్లో పురుగుమందు డబ్బా వసారాలోనో, గొడ్లపాకలోనో, ఒక్కోసారి మంచం కిందో ఉంటుంది. ఫలితాలు వచ్చిన రోజున, తండ్రి కోప్పడిన సాయంత్రాన, చేయి చాచితే అందే దూరంలో ఉంటుంది. ఆ క్షణం దాటితే బతికి బట్టకట్టే పిల్లలు ఆ దూరం వల్ల పోతున్నారు. ఈ సంగతి ఊళ్లో ఆశా కార్యకర్తకు తెలుసు, ఆర్ఎంపీకి తెలుసు, మందుల షాపువాడికి తెలుసు, పొలానికి వెళ్లే ప్రతి తల్లికీ తెలుసు. యువత మానసిక ఆరోగ్య ప్రణాళిక అనగానే కౌన్సిలర్, యాప్, పోస్టరు గుర్తుకొచ్చే గదుల్లో పురుగుమందు డబ్బా గుర్తుకు రాదు. అది వ్యవసాయ శాఖ ఫైలు కాబట్టి.

దీనికి మందేమిటన్నది కూడా ఊరితో కలిసి తేల్చుకోవాల్సిందే. తమిళనాడు కడలూరు జిల్లాలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ బృందం రెండు ఊళ్లలో పురుగుమందులకు ఉమ్మడి నిల్వగది కట్టించింది. రైతు ఎవరి పెట్టెకు వాళ్లు తాళం వేసుకుని, అవసరమైనప్పుడు తెచ్చుకునే ఏర్పాటు. చిన్న ప్రయోగమే అయినా రైతులు దాన్ని వాడుకున్నారు. శ్రీలంకలో 180 ఊళ్లు తీసుకుని, వాటిలో సగం ఊళ్లలో ఇంటింటికీ తాళం పెట్టెలు పంచి చూస్తే మాత్రం ఫలితం కనబడలేదు. అదే శ్రీలంకలో అతి విషపూరితమైన మందులను ఒక్కొక్కటిగా నిషేధించాక 1996 నుంచి 2005 మధ్య ఆత్మహత్యల రేటు సగానికి పడిపోయింది. అంటే ఊరి మీద పెట్టెలు రుద్దడం వేరు, ఏ మందు ఆపితే పంట ఆగదో, పిల్లలు బతుకుతారో రైతుతో కూర్చుని తేల్చడం వేరు. ఆ రెండో పనికి సైకియాట్రిస్టు ఒక్కడూ చాలడు. మిర్చికి ఏ తెగులుకు ఏది కొడతారో, ఏది మానుకోగలరో చెప్పాల్సింది మిర్చి పండించేవాడు.

"పిల్లలకూ తల్లిదండ్రులకూ ఆవేశం తప్ప అవగాహన ఏముంటుంది?" అనేవాళ్లకు 2019 ఏప్రిల్‌ను గుర్తుచేయాలి. ఆ నెల 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. పరీక్షకు వెళ్లినవాళ్లకు గైర్హాజరని పడింది, ఫస్టియర్‌లో తొంభైలు తెచ్చుకున్నవాళ్లు ఫెయిలయ్యారు. మంచిర్యాల జిల్లాలో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు. మళ్లీ చూస్తే ఆమెకు వచ్చింది 99. పొరపాటు జరిగిందని మొదటి రోజు నుంచీ నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది పిల్లలు, తల్లిదండ్రులు. అధికారులు అపోహలన్నారు. బోర్డు ముందు ధర్నా చేసినవాళ్లను పోలీసు వ్యాన్లెక్కించారు. తరవాత ముగ్గురు సభ్యుల కమిటీ వేస్తే తప్పులు జరిగాయని అదే తేల్చింది. ఉచితంగా పునఃపరిశీలన చేస్తే ఫెయిలైనవాళ్లలో 1,137 మంది పాసయ్యారు. ఈలోగా ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల వ్యవస్థలో, ఫిర్యాదు వినే యంత్రాంగంలో విద్యార్థుల ప్రతినిధులుండి ఉంటే, మొదటి గంటల్లోనే "ఆగండి, ఈ లెక్క తేలేదాకా ఎవరూ ఫెయిల్ కాదు" అని ప్రకటించే వీలుండేది. ఆవేశం ఎవరిదో, అజ్ఞానం ఎవరిదో ఆ వారం చెప్పింది.

శాస్త్రం పేరు చెప్పి ఊరిని పక్కనపెట్టేవాళ్లకు శాస్త్రమే ఎదురు చెబుతోంది. బీహార్ నలంద జిల్లాలో 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో సెహర్ అనే అధ్యయనం జరిగింది. లాన్సెట్ పత్రిక దాన్ని 2018లో ప్రచురించింది. కొన్ని బళ్లలో మానసిక వైద్య డిగ్రీ ఏదీ లేని మామూలు వ్యక్తికి శిక్షణ ఇచ్చి కార్యక్రమం అప్పగించారు. కొన్నిట్లో అదే పని ఉపాధ్యాయుడికి ఇచ్చారు. పిల్లలు పేరు రాయకుండా తమ బాధలు చీటీ మీద రాసి వేసే పెట్టె, పిల్లలే నడిపే గోడపత్రిక, విద్యార్థులూ తల్లిదండ్రులూ కూర్చునే కమిటీ అందులో భాగం. ఏడాది తిరగకముందే మామూలు వ్యక్తి నడిపిన బళ్లలో కుంగుబాటు తగ్గింది, వేధింపులు తగ్గాయి, బడి వాతావరణం బాగుపడింది. ఉపాధ్యాయుడు నడిపిన బళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. మార్కులు వేసే మనిషికి మనసు విప్పడం పిల్లలకు ఎంత కష్టమో వాళ్లను అడిగితే ముందే చెప్పేవాళ్లు. మన దగ్గర మాత్రం కౌన్సిలింగ్ బాధ్యత అనగానే ఇప్పటికీ ఒక టీచరు మెడలో వేస్తారు.

ప్రజలకు ఏం తెలుసన్న ప్రశ్న తెలుగునేలకు కొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు 1992లో సారా కొట్టు ముందు నిలబడినప్పుడు కూడా, ఖజానా లెక్కలు మీకేం తెలుసని అడిగారు. ఆ ఉద్యమంలో ముందు నిలిచిన రోసమ్మ లాంటివాళ్లకు ఖజానా లెక్కలు తెలియకపోవచ్చు. సారా తమ ఇళ్లలో, పిల్లల మనసుల్లో ఏం చేస్తోందో తెలుసు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించినప్పుడు ఆ ఆడవాళ్లను ఎవరూ పిలిచి అడగలేదు. రంగారెడ్డి జిల్లాలో ఎంవీ ఫౌండేషన్ 1991లో బాలకార్మికులను బడికి పంపే పని మొదలుపెట్టినప్పుడు, పేదరికం ఉన్నన్నాళ్లూ పిల్లల పని తప్పదని చదువుకున్నవాళ్లే వాదించారు. పేద తల్లిదండ్రులే ముందుకొచ్చి ఆ వాదనను పూర్వపక్షం చేశారు. ఆ పని నడిపించిన శాంతా సిన్హా 2003లో మెగసెసే అందుకున్నారు, తరవాత జాతీయ బాలల హక్కుల సంఘానికి తొలి అధ్యక్షురాలయ్యారు. తాగుడు, బాలకార్మికత, బడి ఇవన్నీ పిల్లల మనసుతో ముడిపడ్డవే. వాటిలో ఊరు దారి చూపగలిగినప్పుడు ఇందులో చూపలేదనడానికి ఆధారం ఏదీ లేదు.

తాయెత్తుల మాట కూడా సూటిగా మాట్లాడుకోవాలి. అవును, మనసు బాగాలేని పిల్లను దర్గాకో, గుడికో, మంత్రం వేసేవాడి దగ్గరికో ముందు తీసుకుపోతారు. కొన్నిచోట్ల కొడతారు, కట్టేస్తారు. దాన్ని సమర్థించే ప్రసక్తే లేదు. అయితే జనం వెళ్లే చోటిని తిట్టి ఊరుకుంటే వాళ్లు డాక్టరు దగ్గరికి వస్తారా? గుజరాత్ మెహసాణా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో దవా-దువా పేరుతో ఒక ఏర్పాటు ఉంది. దర్గాలో ప్రార్థన చేయించే ముజావర్లే రోగిని పక్కనున్న మానసిక వైద్యుడి దగ్గరికి పంపుతారు. నమ్మకం ఉన్నచోటే చికిత్స దొరికింది. మన పశ్చిమ గోదావరిలో ద జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ స్మార్ట్ మెంటల్ హెల్త్ కార్యక్రమం నడిపింది. 30 గిరిజన గ్రామాల్లో ముందుగా నాటకాలతో, ముఖాముఖి మాటలతో సిగ్గునూ అపవాదునూ తగ్గించి, తరవాత ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చి ఇంటింటా పరీక్షలు చేయించింది. సమస్య ఉందని తేలినవాళ్లలో అంతకుముందు వైద్యసాయం పొందినవాళ్లు 0.8 శాతం. కార్యక్రమం తరవాత 12.6 శాతం. ఇంకా చాలా తక్కువే, గర్వపడాల్సిన అంకె కాదు. కానీ మూఢనమ్మకం అని ముద్రవేసిన ఊళ్లే తమవాళ్లు వచ్చి తమ మాటల్లో అడిగితే తలుపు తీశాయి.

ఇక్కడే నిపుణులు ఒక మెట్టు దిగివచ్చి ఇంకో మాట అంటారు. సరే, ఊరివాళ్ల సాయం తీసుకుందాం, వాలంటీర్లను పెడదాం, ఆశాలకు శిక్షణ ఇద్దాం, నిర్ణయాలు మాత్రం మనం చేద్దాం. నేడు నడుస్తున్న పద్ధతి ఇదే. దీన్నే సముదాయ భాగస్వామ్యం అని నివేదికల్లో రాసుకుంటున్నారు. 2014 జనవరిలో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం మానసిక ఆరోగ్యాన్ని తన ఆరు ప్రధానాంశాల్లో ఒకటిగా పెట్టుకుంది. ఒక్కో ఆశా పరిధిలో ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు తోటివాళ్లకు బోధకులుగా ఉండాలంది. ఆలోచన బంగారం లాంటిది. ఆ నలుగురూ పైనుంచి వచ్చిన సందేశాన్ని కిందికి మోయాలి. కిందినుంచి పైకి ఏదైనా చెబితే వినే కుర్చీ మాత్రం ఎక్కడా వేయలేదు. ఆశా సంగతీ అంతే. నెలకు పది వేల గౌరవవేతనంతో గర్భిణులు, టీకాలు, టీబీ, బీపీ, షుగర్ అన్నీ చూసే ఆమె మీద మానసిక ఆరోగ్యం కూడా వేస్తారు. "ఈ ఊళ్లో పదో తరగతి ఫెయిలైన ఆడపిల్లలను ఆ వేసవిలో ఎవరు కనిపెట్టుకుని ఉండాలి?" అని ఆమెను అడగరు. జవాబు ఆమె దగ్గర ఉంది. ఊరి కాళ్లూ చేతులూ వాడుకుంటూ నోరు మూయించే పద్ధతి భాగస్వామ్యం కాదు, వెట్టిచాకిరీ.

ఊరి భాగస్వామ్యానికి ఎదురు నిలిచే వాదనల్లో బలమైనది ఇంకోటుంది. దాన్ని తప్పించుకుపోకూడదు. ఊరు అంటే ఎవరు? గ్రామసభలో ముందు వరసలో కూర్చునేది పెద్దమనుషులు. ఒక పిల్ల కుంగిపోవడానికి కారణం వేరే కులం అబ్బాయిని ఇష్టపడటమైతే, ఒక కుర్రాడి వేదనకు కారణం ఎస్సీ కాలనీ నుంచి వచ్చాడని తోటివాళ్లు చేసిన అవమానమైతే, ఆ సమస్యకు మూలమైనవాళ్లనే పరిష్కారం అడుగుతారా? పదిమందిలో పేరు బయటపడితే ఆ పిల్ల బతుకేమవుతుంది? ఈ భయం నిజమైనది. పల్లెను మచ్చలేని లోకంగా చూపేవాళ్లు పిల్లలకు ద్రోహం చేస్తున్నట్టే.

కానీ ఈ భయం నుంచి వచ్చే తీర్మానం "ఊరిని అడగొద్దు" అని కాదు. ఊళ్లో ఇన్నాళ్లూ నోరు లేనివాళ్లను విడిగా, ముందుగా అడగాలని. ఆడపిల్లలతో ఆడవాళ్లే, విడిగా. ఎస్సీ, ఎస్టీ కాలనీల్లో విడిగా. చదువు మానేసినవాళ్లతో విడిగా. ఎవరి జబ్బు గురించీ ఎవరూ బయటపెట్టనక్కర్లేదు. అడగాల్సింది వ్యవస్థ గురించి: ఎక్కడికి వెళ్లడానికి సిగ్గుపడుతున్నారు, ఎవరితో మాట్లాడగలరు, ఏ వేళ, ఏ బస్సులో, ఎవరికి తెలియకుండా. గ్రామసభలో చర్చించాల్సింది పిల్లల పేర్లు కాదు, డబ్బు కేటాయింపులు. నిపుణుల గదికి కూడా కులం, వర్గం ఉన్నాయన్నది మరవకూడదు. అక్కడ కూర్చున్నవాళ్లలో ఎంతమంది పిల్లలు సంక్షేమ హాస్టల్లో చదివారు? పల్లెలో పెత్తనం ఉందని పల్లెను బయటపెడితే, రాజధానిలో పెత్తనం ఉన్నందుకు రాజధానిని కూడా బయటపెట్టాలి.

"సంప్రదింపులు జరుగుతూనే ఉన్నాయి కదా" అనేవాళ్లూ ఉన్నారు. ముసాయిదాలను ముప్పై రోజులు ప్రజల ముందు పెట్టాలని 2014లో కేంద్రమే ఒక విధానం చేసుకుంది. ప్రజల ముందు అంటే ఎక్కువసార్లు ఇంగ్లీషు వెబ్‌సైట్‌లో. పెనుగొలనులో మిర్చి కోతలకు పోయిన తల్లి ఆ ముసాయిదా చదివి ఈమెయిల్ పంపాలి. ఇక 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ విషయంలో ఎంతో ముందుంది. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో మానసిక అనారోగ్యం ఉన్న లేదా ఉండి కోలుకున్న వారి ప్రతినిధులు ఇద్దరు, సంరక్షకుల ప్రతినిధులు ఇద్దరు, స్వచ్ఛంద సంస్థల ప్రతినిధులు ఇద్దరు ఉండాలని 46వ సెక్షన్ చెబుతోంది. అనుభవించినవాళ్లు నిర్ణయాల గదిలో ఉండాలన్న సూత్రాన్ని పార్లమెంటు ఎప్పుడో ఒప్పుకుంది. ఆ గదిలో యువతకంటూ ప్రత్యేకంగా ఒక్క కుర్చీ లేదు. తమకు సంబంధించిన వ్యవహారాల్లో పిల్లల మాట వినాలన్న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణకు భారతదేశం 1992లోనే కట్టుబడింది. అందుచేత ఇప్పుడు అడుగుతున్నది కొత్త హక్కు కాదు, ముప్పై ఏళ్ల నాటి బాకీ.

ఇది సాధ్యమేనని తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. ఇదే జిల్లా కేంద్రం విజయవాడలో, ఢిల్లీలో కలిపి మురికివాడల్లో 10 నుంచి 19 ఏళ్ల పిల్లల మానసిక ఆరోగ్యం మీద ఆర్టెమిస్ అనే పరిశోధన జరిగింది. కుంగుబాటు, తమకు తాము హాని చేసుకునే ప్రమాదం ఉన్నవాళ్లను గుర్తించి వైద్యం అందేలా చేయడం దాని లక్ష్యం. ఆ పరిశోధకులు కిశోరప్రాయంలో ఉన్నవాళ్లతోనే సలహా బృందం ఏర్పాటు చేసుకున్నారు. పిల్లలు శాస్త్రవేత్తలకు సలహా ఇచ్చారు, పరిశోధన కుప్పకూలలేదు. విజయవాడ పిల్లల మాట వినొచ్చు గానీ పెనుగొలను పిల్లల మాట వినకూడదని ఎవరైనా అంటారా?

సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన పర్యవేక్షణ కమిటీ ఉండాలి. ఎన్టీఆర్ జిల్లా కమిటీలో ఇంటర్ చదివే ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, మానసిక సమస్య నుంచి కోలుకున్న యువకుడో యువతియో ఒకరు, హాస్టల్లో బిడ్డను ఉంచిన పల్లె తల్లి ఒకరు, తిరువూరు డివిజన్ నుంచి ఒక ఆశా కూర్చోవాలి. వ్యవసాయ శాఖ అధికారి కూడా అక్కడే ఉండాలి, పురుగుమందుల ఫైలుతో సహా. సమావేశం తెలుగులో జరగాలి, మినిట్స్ తెలుగులో ఉండి సచివాలయం బోర్డు మీద అంటించాలి. సభ్యులు అడిగినదానికి నెలలోగా రాతపూర్వకంగా జవాబు రావాలి. కుదరదంటే ఎందుకు కుదరదో అందులో రాయాలి. హాస్టళ్ల తనిఖీకి వెళ్లే బృందంలో విద్యార్థి సభ్యులు ఉండాలి, వార్డెన్ లేకుండా పిల్లలతో మాట్లాడే అధికారం వాళ్లకు ఉండాలి.

ఖర్చు మాటకొస్తే, పెనుగొలను నుంచి విజయవాడకు రానూపోనూ బస్సు చార్జీలు, ఆ రోజు పోయే కూలి, భోజనం. ఇవి ఇవ్వకుండా పేద తల్లిని సమావేశానికి రమ్మనడం రావద్దనడమే. జిల్లా యంత్రాంగం అవగాహన ఫ్లెక్సీల మీద పెట్టే డబ్బులోంచి ఈ మొత్తం తీయొచ్చు. కొత్త చట్టం అక్కర్లేదు, ఢిల్లీ అనుమతి అక్కర్లేదు, కలెక్టర్ సంతకం చేసిన ఒక ఉత్తర్వు చాలు. వచ్చే ఇంటర్ ఫలితాల తేదీ ప్రకటించేలోపు ఆ ఉత్తర్వు రావాలి. ఆ ఫలితాల వారంలో పిల్లల్ని ఎవరు కనిపెట్టుకుని ఉండాలన్నదే తొలి సమావేశంలో మొదటి అంశం కావాలి.